మొన దొరికేదాకా

ముడి. ఇదీ ముడే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బొంతను పట్టి నొక్కడం, వేళ్ళు గోరంత పక్కకి జరపడం, మళ్ళీ నొక్కడం. గట్టిగా ఏదైనా తగిలిన ప్రతిసారీ ఆమె వేళ్ళు ఆగి, ముడే అని తెలిశాక మళ్ళీ కదులుతున్నాయి. సూది మొన ఇంత గుండ్రంగా ఉండదు. సన్నగా, బియ్యపు గింజ కంటే కాస్త పొడుగ్గా, ఒక పక్క వాడిగా ఉంటుంది. బెజ్జం ఉన్న రెండో సగం కిటికీ గట్టు మీద కాగితంలో పొట్లం కట్టి ఉంది కాబట్టి పోయిన ముక్క పొడవెంతో ఆమెకి తెలుసు. ఎక్కడుందో తెలియదు. బొంతలో ఉండొచ్చు, నేల మీద ఉండొచ్చు, గుమ్మం బయట దుమ్ములో ఉండొచ్చు. కూతురు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, బయలుదేరుతున్నామమ్మా, గంటలో ఉంటాం అంది. ఆ గంటలో ఎంత అయిపోయిందో, ఎంత మిగిలిందో గోడ గడియారం వైపు చూడటానికి కూడా ఆమెకి ధైర్యం లేదు. ఈ బొంత ఆ కూతురి ఒళ్ళో వస్తున్న పసిదాని కోసం కుట్టింది. పుట్టి ఇంకా వారం తిరగని ఒళ్ళు అది, చీమ పాకినా కందిపోతుంది.

విరిగింది ఆఖరి మూల దగ్గర. అసలు రేపు రావలసిన వాళ్ళు. డాక్టరు పొద్దున చూసి, అంతా బాగానే ఉంది, ఇవాళే వెళ్ళిపోండి అందట. దాంతో రేపు తీరిగ్గా వేసుకుందామనుకున్న అంచు కుట్టు ఇవాళ అన్నాలయిన వెంటనే ముందేసుకుని కూర్చోవలసి వచ్చింది. మూలలో బట్ట మడత మీద మడత పడుతుంది, లోపలి పాత దుప్పటి పొరలు కూడా కలిసి చెప్పు అడుగంత మందం తేలుతుంది. అక్కడ వేలికి అంగుస్తాన తొడుక్కుని సూదిని నిలువుగా, నెమ్మదిగా తొయ్యాలి. తొందరపడి ఏటవాలుగా తోస్తే సూది ఊరుకోదు. ఆమె తొందరపడింది. టక్‌మంది. సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి అత్తగారు "పిల్లా" అని కేకేసింది. ఆమె లేచింది. విరిగిన సగం చేతిలోనే ఉంది, బొంత ఒళ్ళోంచి చాప మీదికి జారింది, కాళ్ళు మాత్రం అప్పటికే వెనక గది దారి పట్టాయి. తీరా అత్తగారికి కావలసింది దిండు ఈ పక్క నుంచి ఆ పక్కకి జరపడం. జరిపి వచ్చేసరికి, పిల్ల మంచం వెయ్యడానికి చోటు చేస్తూ భర్త ఆ బొంతను, పాపం మంచి మనసుతోనే, గుమ్మం దాకా తీసుకెళ్ళి దారప్పోగులన్నీ రాలిపోయేలా బాగా దులిపి, ముచ్చటగా మడతపెట్టి కుర్చీ మీద ఉంచాడు. చూడు ఎంత బాగా మడతపెట్టానో అన్నట్టు నిలబడ్డాడు కూడా.

ఆమెకి చిన్నప్పుడు సూది పట్టడం నేర్పింది మేనత్త. బట్టలు కుట్టి బతికిన మనిషి, పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులు పట్టుకుని నోటి చివర్నించి మాట్లాడేది. మేనత్త చెప్పిన వాటిలో సగం అర్థమయ్యేవి కావు, కానీ ఒక మాట చెప్పేటప్పుడు మాత్రం గుండుసూదులు తీసి పక్కన పెట్టి మరీ చెప్పింది. "సూది విరిగిందా, మొన దొరికేదాకా కూర్చున్న చోటు నుంచి లేవకు. ఇల్లు తగలబడుతున్నా సరే. ముందు మొన, తర్వాత నీళ్ళు." కదలకుండా కూర్చుంటే మొన నీ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది, లేచావా ఇక అది లోకమంతా ఉంటుంది అని దాని భావం. ఆ మాట ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఇవాళ కూడా మర్చిపోలేదు. గుర్తుంది, గుర్తుండగానే లేచింది. బుర్రకి తెలిసింది కాళ్ళకి తెలియలేదు. పిలుపు వినబడితే లేవడం కాళ్ళకి నేర్పినది ఎవరు? మేనత్త కాదు. ఎవరూ నేర్పలేదు, అలా అరిగిపోయాయంతే, గడప మధ్యలో అరిగినట్టు.

ముడి. మళ్ళీ ముడి. ఈ వరసలోనే ఇన్ని ఉన్నాయేమిటి? పసిపిల్లల బొంతలో ముడి పైకి కనపడకూడదు, వేళ్ళు చిక్కుకుంటాయి. దారం చివర ముడేసి చిన్నగా గుంజితే అది పొరల మధ్యలోకి దిగిపోతుంది. అలా దిగిపోయినవన్నీ ఇప్పుడు ఆమె వేళ్ళకి దొరుకుతున్నాయి. ఒక దారం అయ్యేదాకా కదలకుండా కూర్చునే వాళ్ళ బొంతలో ఇన్ని ముడులుండవు. ఈమెకి సూదిని బట్టలో గుచ్చి వదిలి లేవడమంటే భయం, ఎవరు చూడకుండా కూర్చుంటారో అని. అందుకే ఎవరు పిలిచినా, అక్కడికక్కడే ముడేసి, దారం తెంపి, సూదిని డబ్బాలో పెట్టి లేస్తుంది. ఆ లెక్కన ఒక్కో ముడీ ఒక్కో లేవడం. ఇదిగో ఇది పాలు పొంగినప్పటిది, అవునో కాదో గాని అప్పటిదే అనిపిస్తోంది. ఇది వీధిలో చెత్తబండి గంట కొట్టినప్పటిది. ఇది భర్త రిపేరు కొట్లోకి ఎవరో వచ్చి ఫ్యాను బాగైందా అని గోల పెడితే, ఆయన స్నానంలో ఉంటే, తను వెళ్ళి జవాబు చెప్పినప్పటిది. ఇది, ఈ నీలం గళ్ళ ముక్క అంచున ఉన్నది, అత్తగారు స్నానాల గదిలో జారిపడిన రోజుది, ఇది తప్పు పోదు. దీనికి ఇవతల కుట్లు చీమల బారులా ఉంటాయి. అవతల కుట్లు అంగలు అంగలుగా ఉంటాయి. ఆ రోజు దారాన్ని పళ్ళతో కొరికి పరిగెత్తింది. మళ్ళీ సూది ముట్టుకునే సరికి ఎండలు పోయి చలి వచ్చింది. మధ్యలో ఎముకల డాక్టరూ, కట్టూ, కట్టు విప్పాక కూడా నిలబడని కాళ్ళూ, అప్పట్నుంచీ వెనక గదిలోంచి రోజంతా "పిల్లా". అమ్మమ్మ అయిన మనిషిని ఇంకా పిల్లా అని పిలిచే గొంతు లోకంలో ఆ ఒక్కటే మిగిలింది. ఆ సంగతి తలుచుకుంటే కోపం సగం దారిలోనే చల్లారిపోతుంది. మిగతా సగం మాత్రం ఉంటుంది. దాన్ని ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు, కుట్టేస్తుంది.

ఇది ఆమెకి ఉద్యోగం కాదు, నలుగురికీ అమ్మేదీ కాదు. ఇంట్లో వాళ్ళ మాటల్లో 'అమ్మ గుడ్డల పిచ్చి'. చిరిగిన చొక్కా పారెయ్యబోతే చెత్తబుట్టకీ దానికీ మధ్య తను అడ్డం నిలబడుతుందని నవ్వుతారు. భర్త తన చొక్కాలు ఒంటి మీదుండగానే ఆవిడ కళ్ళతో కత్తిరించేస్తోందని కొట్లో వాళ్ళతో అంటాడు. నవ్వనీ. వండిన అన్నం పూటకి అయిపోతుంది, తోమిన గిన్నె మళ్ళీ అంటవుతుంది, కుట్టిన కుట్టు మాత్రం మర్నాడు చూసినా అక్కడే ఉంటుంది. పొద్దున్న పని తెమిలాక, మళ్ళీ పొయ్యి వెలిగించే లోపల, కిటికీ దగ్గర ఎండ చాప మీదికి వచ్చి పోయేలోపు కాసేపు, అంతే ఆమెది. ఆ కాసేపట్లోనే ఇంట్లో అందరికీ తలో బొంతా అయింది. భర్తకి ఒకటి, అత్తగారికి మెత్తని పాత దుప్పట్లతో రెండు, అల్లుడికి కూడా ఒకటి, అతను దాన్ని కారు సీటు మీద పరుచుకున్నాడు. తనకి మాత్రం లేదు. కావాలని మానుకున్నది కాదు, త్యాగమూ కాదు. ఎప్పుడూ ఎవరిదో ఒకరిది సగంలో ఉండేది, తన వంతు వచ్చేది కాదు.

కూతురికి కుట్టిందే మొట్టమొదటిది. చదువయ్యి ఉద్యోగం వచ్చి వేరే చోట గది తీసుకున్నప్పుడు ఆ పిల్ల దాన్ని మంచం మీదే వదిలేసి వెళ్ళింది. బరువమ్మా, పెట్టెలో పట్టట్లేదు అంది. పట్టకపోవడం నిజమే. పెట్టెలో ఇస్త్రీపెట్టె పట్టింది, అదీ నిజమే. ఆ రోజు ఆమె బొంత మడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది, తాళం వేయాల్సిన అవసరం ఏముందో ఇప్పటికీ తెలియదు. అలాంటి పిల్ల మొన్న ఆసుపత్రి మంచం మీద నుంచి, పురుటి నీరసంలో గొంతు కూడా సరిగ్గా రాకుండానే, "అమ్మా, పాపకి ఏం కొనొద్దు, నువ్వు కుడుతున్నావే, అదుంటే చాలు" అంది. అడిగింది. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఒక బొంతను నోరు తెరిచి అడిగిన వాళ్ళు లేరు. ఇస్తే కప్పుకున్నారు, అంతే. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమె వేళ్ళు నొప్పి మర్చిపోయాయి. తొందర కూడా ఆ సంతోషంలోంచే వచ్చిందేమో. సంతోషమే సూదిని ఏటవాలుగా తోసిందేమో.

భర్త కొట్లోంచి పగిలిపోయిన స్పీకరు తాలూకు గుండ్రటి అయస్కాంతం పట్టుకొచ్చాడు. ముందుగదే ఆయన కొట్టు, రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు విప్పి మళ్ళీ బిగించే బల్ల. వస్తూనే "ఇంకా నొక్కుతున్నావా? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నీ కొప్పులో ఉందేమో చూసుకో ముందు" అన్నాడు. ఆమె నిజంగానే చెయ్యెత్తి కొప్పు తడుముకుంది. ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి నవ్వు మింగేసి, నేల మీద మోకాళ్ళూని అయస్కాంతాన్ని చాప కిందా, తలుపు మూలా, మంచం కాళ్ళ దగ్గరా తిప్పడం మొదలుపెట్టాడు. దానికి ఏవేవో అంటుకున్నాయి. ఒక తలపిన్ను, గడియారంలోంచి ఎగిరిపడిన మర, పెన్ను స్ప్రింగు, కూతురు బడికెళ్ళే రోజుల్లో పోయిందని ఇల్లంతా ఏడిచిన సీతాకోకచిలుక క్లిప్పు, రంగంతా పోయి ఒట్టి రేకు మిగిలింది. వెనక గదిలోంచి అత్తగారు, ఏం దొరికిందిరా అని అడిగితే ఆయన ఒక్కొక్కటే చదివాడు. "సూది కోసం సోదికెళ్తే పాత బాగోతాలన్నీ బయటపడ్డాయట" అని ఆ ముసలి గొంతు కిసుక్కున నవ్వింది. మొన దొరకలేదు. గుమ్మం బయట దుమ్ములో కూడా తిప్పాడు. వీధిలో పోయేవాళ్ళు, ఏం పారేసుకున్నారు అని అడిగితే, మా ఆవిడ మనశ్శాంతి అన్నాడు.

తర్వాత బొంత మీద. ఆమె ఒక చివర పట్టుకుంది, ఆయన పైనుంచి అయస్కాంతాన్ని ఇస్త్రీపెట్టెలా మెల్లగా నడిపించాడు. తిరగేసి మళ్ళీ నడిపించాడు. ఎక్కడా అంటలేదు. ఒక్కచోట, పసుపుపచ్చ ముక్క మీద, కాస్త లాగినట్టు తోచింది ఆమెకి. ఆయన చేతిలోంచి తీసుకుని తనే తిప్పింది. లాగింది. మళ్ళీ తిప్పింది. లాగలేదు.

"నీ చెయ్యే లాగుతోంది. ఇందాకట్నుంచీ ఒక్కలాగా నొక్కుతున్నావు, అలిసిపోయింది" అన్నాడు ఆయన. "లేదోయ్ ఇందులో. ఉంటే అయస్కాంతం అబద్ధం చెప్తుందా?"

"ఇన్ని పొరల మీంచి దానికి తెలుస్తుందంటారా?"

"తెలియాలి మరి."

ఆ 'మరి' దగ్గర ఆయన గొంతు కాస్త జారింది. ఆమె చెవి అక్కడే పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మాటల్లో ఏది మాట, ఏది ఓదార్పు అని తేల్చుకోవడం ఆమెకి బాగానే అబ్బింది. బాగైపోయిందండీ అని జనానికి రేడియో ఇచ్చేటప్పుడు కూడా, పూర్తిగా బాగవని దానికి, ఆయన 'మరి' చేరుస్తాడు.

ఆయన కొట్లోకి వెళ్ళాక ఆమె ఆ పసుపుపచ్చ ముక్కని చెంపకి ఆనించుకుంది. మెత్తగా ఉంది. ముంజేతి మీద రాసుకుంది, మెడ మీద రాసుకుంది. ఏమీ గుచ్చుకోలేదు. ఇవాళ గుచ్చుకోకపోవచ్చు. మొన అంటే నిలకడ లేనిది, గుడ్డలో ఒకచోట ఉండదు, ఉతికినప్పుడల్లా, దులిపినప్పుడల్లా ఇంత ఇంత నడుస్తుంది. ఎన్నాళ్ళకో ఒక రోజు పైకొస్తుంది. ఆ రోజు దాని పక్కన ఎవరుంటారు? విప్పేస్తే సరి. విప్పొచ్చు. కానీ ఇన్ని కుట్లూ విప్పాలంటే మళ్ళీ అన్ని రోజుల ఎండలు కావాలి, ఈలోపు పిల్ల బొంత కింద పట్టనంత అవుతుంది. అయినా ఒక్కో కుట్టూ మామూలుగా వేసింది కాదు. సూది దిగేటప్పుడు దేవుడి పేరులో సగం, పైకి వచ్చేటప్పుడు మిగతా సగం, ఇది మేనత్త నేర్పింది కాదు, తను పెట్టుకున్న అలవాటు. జపం చేసుకోవడానికి వేరే వేళ దొరకక ఇలా కలిపేసుకుంది. విరిగినప్పుడు సూది దిగింది గాని పైకి రాలేదు. సగం పేరు లోపలే ఉండిపోయింది. సగం పేరు దేవుడికి చెందుతుందా? పూర్తిగా పిలిచిన వాళ్ళకే పలకడం ఆయనకి తీరట్లేదేమో, సగాలు ఎక్కడ వింటాడు. స్వామీ, తప్పుగా అనుకోకు. ఇన్ని వేల కుట్లకి నీ పేరు చెప్పాను గదా, ఈ ఒక్కదాని దగ్గర నా చెయ్యి పట్టుకుంటే ఏం పోయింది అని అడగాలనిపిస్తోంది. అడిగితే నువ్వేమంటావో కూడా తెలుసు, నేను పట్టుకునే లోపలే నువ్వు లేచిపోయావు అంటావు. పిలిస్తే పలికే దేవుడు అని నిన్ను పొగుడుతారు. పిలిస్తే లేచే మనిషిని ఏమంటారో నాకు ఎవరూ చెప్పలేదు. నీకూ వెనక గదిలోంచి ఇలాగే ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారా? నీ చేతిలో పని కూడా ఇలాగే సగంలో ఉండిపోతుందా? అందుకేనా లోకం ఇలా అక్కడక్కడా గుచ్చుకుంటోంది? లెంపలు వేసుకుంది, మెల్లగా, నొప్పెట్టే వేళ్ళతో. అయినా ప్రశ్న మాత్రం వెనక్కి తీసుకోలేదు.

లేదు అనుకుంటే ఇచ్చెయ్యొచ్చు. లేదు అని తెలిసి ఇవ్వడం వేరు, లేదనుకుని ఇవ్వడం వేరు. మొదటిదైతే దుప్పటి, రెండోదైతే జూదం. ఆమె ఆఖరి వరసకి వచ్చింది. ముడి. ముడి. వేళ్ళకి ఇప్పుడు ఏది గట్టో ఏది మెత్తనో తెలియడం మానేసింది, అంతా ఒకటే మంటగా ఉంది. వీధిలో కారు ఆగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు, అల్లుడి గొంతు, నెమ్మది నెమ్మది అంటూ.

ఆమె బొంతను మడిచి చంకలో పెట్టుకుని లేచి, తన గదిలోకి వెళ్ళి మంచం మీద పడేసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

కూతురు గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ అడిగి వేస్తున్నట్టు లోపలికి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు, కళ్ళల్లో మాత్రం ఏదో కొత్తగా ఉంది. అల్లుడి చేతుల్లో ఆసుపత్రి వాళ్ళ తెల్ల గుడ్డలో చుట్టిన పొట్లం, దాని పైన గుప్పెడంత ఎర్రటి మొహం. అందరూ ఒకేసారి మాట్లాడారు. వెనక గదిలోంచి అత్తగారు, ముందు నా దగ్గరికి తీసుకురండి, నేనే పెద్దదాన్ని అని గొడవ చేస్తే పిల్లని తీసుకెళ్ళి చూపించారు. ఆవిడ వేలితో ఆ బుగ్గ తాకి, ముక్కు మాత్రం మా వాళ్ళది కాదు అంది. తర్వాత కూతురు పిల్ల మంచం దగ్గర నిలబడి చుట్టూ చూసింది.

"బొంతేదమ్మా? దారంతా అదే చెప్పుకొస్తున్నా ఈయనకి."

"ఇంకా అవలేదే."

"మొన్న అంచు ఒక్కటే ఉందన్నావుగా?"

"అంచు దగ్గరే ఆగింది."

భర్త నోరు తెరిచాడు, ఆమె చూసిన చూపుకి మూసేశాడు. చెప్పొచ్చు, దాచాల్సిందేమీ లేదు. కానీ చెబితే ఈ పిల్ల, అయస్కాంతం పెట్టి చూశారుగా, ఏం కాదులే తెచ్చెయ్యమ్మా అంటుందేమో. తెమ్మంటే తను తెచ్చేస్తుందేమో. అడిగితే కాదనడం తన ఒంట్లో లేదు, ఆ సంగతి ఇవాళ మధ్యాహ్నమే మరోసారి రుజువైంది. అందుకే నోరు కట్టుకుంది. కూతురు మంచం పట్టెని చేత్తో నిమిరి, "నువ్వెప్పుడూ ఇంతేనమ్మా, అందరి పనులూ అయ్యాక నాది" అంది. కోపంగా కూడా అనలేదు, నిద్రలో అన్నట్టు అంది. ఆ మాట సూటిగా దిగింది, మొన అంటే అదీ. ఆమె బీరువా తెరిచి ఉతికి ఉతికి ఉల్లిపొరలా అయిన పాత దుప్పటి తీసి, మొహానికి అద్దుకుని చూసి, నాలుగు మడతలు వేసి పిల్లకి కప్పింది. ఆ పసిది ఆవులించింది. దానికి బొంతయినా దుప్పటయినా ఒకటే, దానికి ఇంకా ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

కాసేపటికి ఇల్లు సద్దుమణిగింది. కూతురు పడుకుంది, పిల్ల పడుకుంది, అల్లుడు మందుల కోసం వెళ్ళాడు, కొట్లోంచి ఏదో రేడియో ఒక నిమిషం కూసి ఆగిపోయింది. ఆమె తన గదిలోకి వెళ్ళింది. బొంత పడేసిన చోటే పడి ఉంది, మధ్యాహ్నపు ఎండ పసుపుపచ్చ ముక్క మీద పడుతోంది. విప్పాలి, రేపటి నుంచి మొదలుపెట్టాలి అనుకుంటూ మంచం మీద కూర్చుంది. కూర్చున్నది ఒరిగింది. ఒరిగాక బొంత అంచు పట్టుకుని మీదికి లాక్కుంది. అది చిన్నది, పిల్లల కొలత, మోకాళ్ళ దగ్గర్నుంచి భుజం దాకా కూడా సరిగ్గా రాలేదు, కాళ్ళు ముడుచుకుంటే సరిపోయింది. ఉంటే గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే దొరికినట్టే. ఇంతకంటే మంచి అయస్కాంతం ఈ ఇంట్లో ఇంకోటి లేదు. ముడులన్నీ ఒంటికి తగులుతున్నాయి, చిన్నచిన్నగా, అక్కడొకటి ఇక్కడొకటి, లేచిన లేవడాలన్నీ తన మీదే పడుకున్నట్టు. బరువుగా ఉంది. కూతురు నిజమే చెప్పింది, తన బొంతలు బరువే. ఇన్నాళ్ళూ తెలియలేదు, ఎప్పుడూ కప్పుకోలేదు గదా. లోపలెక్కడో ఉండిపోయిన సగం పేరుకి మిగతా సగం కలుపుదామని పెదవి కదిపింది, అది కూడా నిద్రలోకి జారిపోతోంది.

"పిల్లా" అంది వెనక గది.

కాళ్ళు కదలబోయాయి. ఆమె వాటిని బొంత కింద ఇంకాస్త దగ్గరికి ముడుచుకుంది.

"సూది పోయింది అత్తయ్యా" అంది, కళ్ళు తెరవకుండానే, మంచం దాటి గోడ దాకా వినపడేంత గట్టిగా. "దొరికేదాకా లేవకూడదు."

వెనక గది ఒక్క క్షణం ఆలోచించుకుంది. తర్వాత ముసలి గొంతు కొట్టు వైపు తిరిగి, "అబ్బాయ్" అని పిలిచింది. ముందుగదిలో కుర్చీ వెనక్కి జరిగింది. ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ ఆమె తలుపు ముందు నుంచే వెనక గదికి నడిచి వెళ్ళాడు.